సీరియల్ లైట్లు కట్టాక మిద్దె మీద గ్రిల్లు జివ్వుమంటోంది, ఏం చేయాలి?

మిద్దెమీద_మల్లె (కడప) · శుక్రవారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. దీపావళికి ఇంకా టైం ఉంది గానీ మా పిల్లోడి గోల పడలేక నిన్ననే మిద్దె మీద సీరియల్ లైట్లు కట్టాం. పిట్టగోడ మీద ఇనుప గ్రిల్లు ఉంది, దానికే చుట్టుకుంటూ పోయాం. మొత్తం మూడు సెట్లు, ఒకదాని తోకకు ఇంకొకటి తగిలించినవి. కరెంటు మెట్ల గదిలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో లాగాం. వానకు తడవకుండా బాక్సుకు పాలిథిన్ కవరు చుట్టాం.

సాయంత్రం ఆరేసిన బట్టలు తీస్తూ గ్రిల్లు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. గట్టిగా షాక్ కొట్టినట్టు కాదు, చీమలు పాకినట్టు. మా ఆయన టెస్టర్ పెడితే సన్నగా వెలిగింది. ప్లగ్గు పీకి తిప్పి పెట్టాడు. ఇప్పుడు టెస్టర్ వెలగడం లేదు, జివ్వుమనడమూ లేదు. "సరిపోయింది పో" అంటున్నాడు. నాకు మాత్రం టెన్షన్ పోలేదు. పిల్లోడు ఆ గ్రిల్లు పట్టుకునే ఆడుకుంటాడు. నిజంగా సరిపోయినట్టేనా?

ఉగ్గానిబజ్జి (అనంతపురం) · 8:52

ప్లగ్గు తిప్పి పెట్టే వైద్యం ఊరూరా ఉంది అక్కా. మా పక్కింట్లో మోటారుకు కూడా అదే చేస్తారు. అది రైటో తప్పో నాకు తెలీదు, తెలిసినోళ్ళు వచ్చేదాకా పిల్లోణ్ణి కిందికి దింపండి.

పాతవైర్‌మ్యాన్ (అనంతపురం) · 9:05

అమ్మా, మిగతాది తర్వాత చదువుదురు గానీ ముందు పోయి ఆ ప్లగ్గు పీకేసి రండి. స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు బయటికి రావాలి. గ్రిల్లు పట్టుకోకుండా, కాళ్ళకు పొడి చెప్పులు వేసుకుని పోండి.

పీకేశాక మూడు సంగతులు చెప్పండి. సెట్లలో ఎక్కడైనా టేపు చుట్టిన జాయింటు ఉందా? లైట్లు గ్రిల్లుకు దేనితో కట్టారు? ఇంటి మెయిన్ బోర్డులో ఎంసీబీలు (లోడు ఎక్కువైతే వాటంతట అవే పడిపోయే చిన్న స్విచ్‌లు) కాకుండా, టెస్ట్ బటన్ ఉన్న వెడల్పాటి స్విచ్ ఒకటి ఉందా?

మిద్దెమీద_మల్లె · 9:31

పీకేశాం. మూడింట్లో ఒక సెట్టు పాతది, పోయినేడు ఎలుక కొరికితే మా మరిది మెలిపెట్టి టేపు చుట్టాడు. గ్రిల్లుకు కట్టింది బైండింగ్ వైరుతో, సెంట్రింగ్ పనిలో మిగిలిపోయింది ఇంట్లో ఉంటే. బోర్డులో చిన్న చిన్న ఎంసీబీలే ఉన్నాయి. మీరు చెప్పిన టెస్ట్ బటన్ ఉన్నది ఏదీ కనిపించలేదు. సీరియల్ సెట్టు ప్లగ్గు రెండు పిన్నులదే.

పాతవైర్‌మ్యాన్ · 9:58

అనుకున్నదే. ఆ సెట్ల వైరు మీద ఉండే ప్లాస్టిక్ పొర గోరుతో గీరినా లేస్తుంది. దాన్ని ఇనుప తీగతో బిగించి కట్టి, పటకారుతో ఒక మెలిక కూడా వేసి ఉంటారు. ఆ తీగ పొరను కోసి లోపలి రాగిని తాకుతుంది. తీగ ఇనుము, గ్రిల్లు ఇనుము. ఇంకేం, మీ పిట్టగోడ పొడుగునా కరెంటు.

లేదంటే ఆ టేపు జాయింటు. మామూలు టేపు ఎండకు జిగురు వదిలేస్తుంది, మన ఎండలకు మరీ తొందరగా. ఆ సందులోకి తేమ పోతే చాలు.

ప్లగ్గు తిప్పితే జివ్వు ఎందుకు ఆగిందో లెక్కలసార్ చెప్తే బాగుంటుంది. నేను చెప్తే బూతులొస్తాయి.

లెక్కలసార్ (ప్రొద్దుటూరు) · 10:20

పాత చిన్న బల్బుల సెట్టుతో చెప్తాను, అందులో సులువుగా అర్థమవుతుంది. 6 వోల్టుల బల్బులు 38 వరుసగా కలిపితే 228, అంటే దాదాపు మన ఇంటి కరెంటు 230 వోల్టులకు సరిపోతుంది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ లేదు. ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) వైపున్న మొదటి బల్బు దగ్గర భూమితో పోలిస్తే 230 వోల్టులుంటాయి. ఒక్కో బల్బు దాటేకొద్దీ ఆరేసి తగ్గుతూ న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే వైరు) వైపు చివరికి సున్నా దగ్గరికి వస్తుంది. చౌక ఎల్‌ఈడీ సెట్లలో రెక్టిఫైయర్, రెసిస్టర్లు చేరతాయి కాబట్టి అంకెలు మారతాయి, సూత్రం మాత్రం అదే.

మీ సెట్టులో పొర చీలిన చోటు ఒక చివరకు దగ్గరగా ఉందనుకోండి. ఆ చివర ఫేజ్‌కు తగిలితే గ్రిల్లుకు దాదాపు మొత్తం వోల్టేజీ. తిప్పి పెడితే అదే చోటు న్యూట్రల్ పక్కకు వస్తుంది, అక్కడ వోల్టేజీ తక్కువ కాబట్టి చేతికి తెలియలేదు, టెస్టర్ వెలగలేదు. చీలిక మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

అసలు ప్రమాదం ఇక్కడుంది. ఆ చీలికకూ న్యూట్రల్‌కూ మధ్య ఒక్క బల్బు మాడిపోయినా, ఒక్క కాలు ఊడినా లైన్ తెగుతుంది. కరెంటు పారదు కాబట్టి వోల్టేజీ తగ్గడం కూడా ఉండదు. లైట్లు ఆరిపోతాయి, తెగిన చోటిదాకా వైరంతా 230 దగ్గర నిలబడుతుంది. "లైట్లు వెలగడం లేదు, పాడైనట్టుంది" అని మనిషి పోయి చెయ్యి పెట్టేది సరిగ్గా అప్పుడే.

ఉగ్గానిబజ్జి · 10:27

సార్, వెలగని సెట్టే ఎక్కువ డేంజర్ అంటున్నారు. ఒక్కో బల్బూ పీకి చూస్తూ పోతారు కదా మనోళ్ళంతా, ప్లగ్గు పెట్టుకునే.

లెక్కలసార్ · 10:34

అవును. బల్బు పీకిన ఖాళీ హోల్డర్‌లో రెండు కాళ్ళ మధ్య 6 వోల్టులు ఉంటాయనుకుంటారు. మిగతా బల్బులన్నీ బాగుంటే అక్కడ పూర్తి 230 ఉంటుంది.

కేసీకాలువ (కర్నూలు) · శనివారం ఉదయం 7:15

అందరూ కలిసి ఆ అక్కను భయపెట్టి చంపుతున్నారు. మా ఇంట్లో దసరా నుంచి సంక్రాంతి దాకా లైట్లు తీయం. ఇదే రెండు పిన్నుల ప్లగ్గు, ఇదే బజారు సరుకు. ఏమీ కాలేదు. ఎంసీబీ ఎందుకుంది మరి? ఏదన్నా అయితే టప్పున పడిపోతుంది.

పాతవైర్‌మ్యాన్ · 7:48

ఎంసీబీ కాపాడేది గోడలో ఉన్న వైరును అన్నా, మనిషిని కాదు. 6 ఆంపియర్ల ఎంసీబీ అంటే 6 గుణించు 230, అంటే 1380 వాట్ల దాకా అది కిమ్మనదు. సీరియల్ సెట్టు సన్న వైరు అంత లోడు మోయలేదు, వేడెక్కి పొర కరిగిపోతుంది. అప్పటికీ ఎంసీబీ దృష్టిలో అంతా సవ్యంగానే ఉంటుంది. కొన్ని దేశాల్లో ఈ సెట్ల ప్లగ్గులోనే చిన్న ఫ్యూజు పెడతారు. మన రెండు పిన్నుల ప్లగ్గులో ఏముంటుంది? రెండు పిన్నులే.

ఇక మనిషి సంగతి. ఒంట్లోంచి పోయే కరెంటును మిల్లీ ఆంపియర్లలో లెక్క పెడతారు. గుండె లయ తప్పడానికి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు. 6 ఆంపియర్లంటే 6000 మిల్లీ ఆంపియర్లు. మనిషి పోయినా ఎంసీబీకి ఒకడు పోయాడనే తెలీదు.

మనిషిని చూసుకునేది ఆర్‌సీసీబీ, నేను నిన్న అడిగిన టెస్ట్ బటన్ స్విచ్ అదే. ఫేజ్‌లో పోయినంత కరెంటు న్యూట్రల్‌లో తిరిగొస్తోందా లేదా అని అది చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా పడిపోతుంది. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్లదే అడగాలి. 100, 300 రకాలు అగ్ని ప్రమాదం కోసం పెట్టేవి, షాక్‌కు పనికిరావు. ధర రెండు వేల చుట్టుపక్కల. టపాకాయల పెట్టె ఒకటి తగ్గించుకుంటే వచ్చేస్తుంది.

కేసీకాలువ · 8:02

సరే, ఎంసీబీ లెక్క ఒప్పుకుంటా. ఆర్‌సీసీబీ మా తమ్ముడింట్లో పెట్టారు, రోజూ పడిపోతోందని ఎలక్ట్రీషియనే వచ్చి తీసేసి డైరెక్టుగా కలిపేసి పోయాడు. దానికేమంటావ్?

చెనక్కాయలు (తాడిపత్రి) · 8:40

మా ఇంట్లోనూ అదే తంతు నడిచింది. ఊరికే పడిపోతుంటే చాలాసార్లు ఇన్వర్టర్ న్యూట్రలూ మెయిన్ న్యూట్రలూ ఎక్కడో కలిపేసి ఉంటారు. ఒక దారిలో పోయిన కరెంటు ఇంకో దారిలో తిరిగొస్తుంటే ఆర్‌సీసీబీకి అది లీకేజీ లాగే కనిపిస్తుంది. న్యూట్రళ్ళు విడదీస్తే పని అయిపోతుంది. దానికి సగం రోజు పడుతుంది కాబట్టి తీసేసిపోవడం వాళ్ళకు సులువు. లేదంటే గీజరో మోటారో నిజంగానే లీకు కొడుతుంటుంది, అప్పుడు అది పడిపోవడం మంచిదే కదా.

ఎర్తింగ్, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు, దాని మాట కూడా ఎత్తాలి. మన అనంతపురం వైపు వాన ఎంత పడుతుందో తెలిసిందే. ఎర్త్ గుంత ఎండిపోతే అందులో రాడ్డు ఉన్నా లేనట్టే. ఇల్లు కట్టినప్పుడు ఉప్పు, బొగ్గు వేసి పూడ్చి, పైన బండ పరిచేసి మర్చిపోతారు. ఆ గుంతకు ఒక పైపు వదిలి ఎండాకాలం పొడుగునా నీళ్ళు పోస్తుండాలి.

లెక్కలసార్ · 9:10

ఒక చిన్న చేర్పు. ఎర్త్ లేకపోయినా ఆర్‌సీసీబీ పని చేస్తుంది, కానీ మనిషి తాకాకే పడుతుంది. గ్రిల్లుకు ఎర్త్ ఉంటే మనిషి తాకక ముందే పడుతుంది. పిట్టగోడలో సిమెంటుతో పాతిన గ్రిల్లు భూమికి కలిసినట్టు కాదు. ఇంకోటి, ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీకి తేడా కనపడదు, పడదు. దాన్ని చూసుకుని ధైర్యంగా జాయింట్లు కెలకొద్దు.

గుంతకల్లుబండి (గుంతకల్లు) · 11:25

మాకు క్రిస్మస్ పెద్ద పండుగ. నవంబరు చివర్లోనే వాకిట్లో నక్షత్రం వేలాడాలి. పేపరు స్టార్‌లో ఏ బల్బు వేయాలి? మా నాయన ఎప్పుడూ 60 వాట్ల ఫిలమెంటు బల్బే వేస్తాడు, ఎల్‌ఈడీ వేస్తే నక్షత్రానికి కళ రాదంటాడు.

పాతవైర్‌మ్యాన్ · 11:50

60 వాట్ల బల్బు గాజు నీళ్ళు మరిగే వేడి కంటే ఎక్కువ వేడెక్కుతుంది. గాలికి స్టార్ ఊగి కాగితం గాజుకు ఆనుకుంటే ముందు గోధుమ రంగు మచ్చ, తర్వాత పొగ. వార్మ్ వైట్ ఎల్‌ఈడీ 5 వాట్లదో 7 వాట్లదో వేయండి, కాంతి అదే పసుపు. అన్నట్టు, స్టార్ బరువు వైరు మీద పడకూడదు. విడిగా తాడు కట్టి దానికి వేలాడదీయాలి, వైరు వదులుగా ఉండాలి. వాకిట్లో కాబట్టి హోల్డర్ పగుళ్ళు లేనిదై ఉండాలి.

దర్గావీధి (కడప) · మధ్యాహ్నం 1:15

అక్కా, మాది పెద్ద దర్గా వైపు. ఉరుసు అప్పుడు వీధంతా లైట్లే కాబట్టి సీరియల్ సెట్ల సంగతి మాకు కొంచెం అలవాటు. కొత్తది కొనేటప్పుడు చూడాల్సింది చెప్తా.

మొదట ప్లగ్గు దగ్గర చూడండి. వైరు నేరుగా రెండు పిన్నుల ప్లగ్గులోకి పోతే అది 230 సరుకు. మొబైల్ చార్జర్ లాంటి అడాప్టర్ ఉండి, దాని మీద అవుట్‌పుట్ 5 వోల్టులనో 12, 24, 31 అనో రాసి ఉంటే గ్రిల్లుకు, పిల్లలు తిరిగే చోటుకు అది మేలు. అడాప్టర్ ఇంట్లో పొడిగా ఉంటుంది, బయటికి పోయేది తక్కువ వోల్టేజీ. అయితే అడాప్టర్ కూడా నాసిది అయితే లాభం లేదు. లైటింగ్ చెయిన్ పేరుతో ఇవి బీఐఎస్ (వస్తువుల నాణ్యత చూసే కేంద్ర సంస్థ) తప్పనిసరి రిజిస్ట్రేషన్ జాబితాలో ఉన్నాయి. పెట్టె మీద ఆ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే కంపెనీ పేరు, వస్తువు వివరం వస్తాయి. పెట్టె మీద ఉన్నవాటితో కలవకపోతే అక్కడే వదిలేసి రండి. వై.వి. స్ట్రీట్‌లో తిరిగితే రెండు రకాలూ దొరుకుతాయి, అడిగి తీసుకోవాలంతే.

ఐపీ నంబరు (నీళ్ళు, దుమ్ము ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పేది) కూడా చూడండి. 20 అంటే ఇంటి లోపలికే. 44 అంటే చినుకులు తట్టుకుంటుంది. మన కడపకు ఈశాన్య రుతుపవనాల వానలు సరిగ్గా దీపావళి రోజుల్లోనే వస్తాయి కాబట్టి మిద్దె మీదికి 65 తీసుకోవడం నయం.

ఆ పాలిథిన్ కవరు మాత్రం తీసేయండి. లోపల చెమ్మ పట్టి నీళ్ళు బాక్సులోకే కారతాయి, వేడి బయటికి పోదు.

కేసీకాలువ · 1:40

కంట్రోలర్ బటన్‌తో ఆపేస్తే చాలదా? రోజూ ప్లగ్గు పీకడం ఎవరి వల్ల అవుతుంది?

లెక్కలసార్ · 2:05

చాలదు. రెండు పిన్నుల ప్లగ్గును ఎటైనా పెట్టొచ్చు కదా. కంట్రోలర్ ఆపేది ఒక వైపు వైరునే. ప్లగ్గు తిరగబడి ఉంటే అది ఆపేది న్యూట్రల్‌ను. లైట్లు ఆరతాయి, ఫేజ్ మాత్రం సెట్టంతా అలాగే ఉంటుంది. గోడ స్విచ్ సరిగ్గా ఫేజ్ మీద ఉంటే దాంతో ఆపొచ్చు, కానీ పాత ఇళ్ళలో అది కూడా నమ్మలేం. లైట్ల మీద చెయ్యి వేసే పని ఉంటే ప్లగ్గు పీకాల్సిందే.

నిర్వాహకుడు · 2:30

వినాయక మండపానికి స్తంభం నుంచి కొక్కెం వేసి లైన్ లాగడం ఎలా అని అడిగిన పోస్టు, దానికి వచ్చిన రెండు "సలహాలు" తీసేశాను. తాత్కాలిక కనెక్షన్ కావాలంటే కరెంటు ఆఫీసులో అడగండి. 1912కు ఫోన్ చేసినా చెప్తారు. ఈ చర్చ ఇళ్ళ వరకే ఉంచుదాం.

ఉగ్గానిబజ్జి · 3:12

బిల్లు సంగతి ఎవరూ చెప్పలేదు. నెలంతా వేస్తే ఎంతొస్తుంది?

లెక్కలసార్ · 3:20

10 వాట్ల ఎల్‌ఈడీ సెట్టు రోజుకు 6 గంటల చొప్పున 30 రోజులు వేస్తే 1800 వాట్ అవర్లు, అంటే 1.8 యూనిట్లు. టీ తాగినంత ఖర్చు కూడా కాదు. బిల్లు భయంతో ఎవరూ ఆపక్కర్లేదు, పడుకునే ముందు ఆపడం నిప్పు భయంతో.

మిద్దెమీద_మల్లె · ఆదివారం సాయంత్రం 6:10

అందరికీ థ్యాంక్స్. పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చాడు. పాతవైర్‌మ్యాన్ గారు చెప్పినట్టే, బైండింగ్ వైరు రెండు చోట్ల పొరను కోసేసింది. టేపు జాయింటు కూడా నల్లగా మాడి ఉంది. మూడు సెట్లూ విప్పేశాం. ఆర్‌సీసీబీ పెట్టించాం, టెస్ట్ బటన్ నొక్కి చూపించాడు. గ్రిల్లుకు కూడా ఎర్త్ వైరు కలిపాడు. మా ఆయన ఏమీ మాట్లాడలేదు గానీ టెస్ట్ బటన్ మాత్రం నాలుగైదు సార్లు తనే నొక్కి చూశాడు.

ఇంకా కొన్ని డౌట్లు. టెస్టర్ వెలిగితేనే కరెంటు ఉన్నట్టా? పాత సెట్టును వైరు బాగున్నంత వరకు కోసి ఇంట్లో దేవుని గూటికి వాడుకోవచ్చా? కొత్త లైట్లు గ్రిల్లుకు దేనితో కట్టాలి?

పాతవైర్‌మ్యాన్ · 6:45

సంతోషం తల్లీ. ఆ బటన్ నెలకోసారి నొక్కుతుండమనండి మీ ఆయన్ని, పని ఆయనకే అప్పజెప్పండి.

టెస్టర్ వెలిగితే ప్రమాదం ఉందనే లెక్క. వెలగకపోతే లేదని మాత్రం అనుకోవద్దు. వోల్టేజీ తక్కువున్నా, మీరు ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడ్డా, లోపల నియాన్ బల్బు పోయినా అది వెలగదు. ముందు వెలుగుతుందని తెలిసిన ప్లగ్గు పాయింట్లో పెట్టి చూసుకోవాలి.

పాత సెట్టు కోసి వాడొద్దు. సగం బల్బులు తీసేస్తే 230 అంతా మిగిలిన సగం మీద పడుతుంది, మాడిపోతాయి. పైగా దేవుని గూట్లో దీపం, కర్పూరం, ఎండిన పూలదండ, పైన పరదా ఉంటాయి. దీపం సెగకు ఆ సన్న వైరు పొర ఎంతసేపు ఆగుతుంది? రెండు ముక్కలు చేసి పారేయండి, ఎవరూ ఏరుకుని మళ్ళీ వాడకుండా.

కట్టడానికి ప్లాస్టిక్ ట్యాగులు చాలు, అవీ వదులుగా. మేకులు, స్టేప్లర్ పిన్నులు వద్దు. కిటికీ రెక్క సందులోంచీ తలుపు కిందనుంచీ వైరు లాగొద్దు, నలిగి నలిగి తెగేది అక్కడే.

చెనక్కాయలు · 7:05

పిట్టగోడకు ఎదురుగా కరెంటు లైన్ పోతుంటే అటువైపు ఇనుప నిచ్చెన, పొడుగు కమ్మీ తీసుకపోవద్దు. లైట్ల తోక విసిరి చెట్టు కొమ్మకు తగిలించడం అసలే వద్దు.

గుంతకల్లుబండి · 7:40

ఎవరికైనా షాక్ కొడితే, మంట లేస్తే ఏం చేయాలో కూడా ఒకరు రాస్తే బాగుంటుంది. మా వీధిలో అందరికీ పంపుతా.

పాతవైర్‌మ్యాన్ · 8:00

మనిషి అతుక్కుంటే ఒంటి మీద చెయ్యి వేయకండి. ముందు మెయిన్ ఆపండి. మెయిన్ దూరమైతే పొడి కట్టెతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో వైరును గానీ మనిషిని గానీ నెట్టండి. తర్వాత 108. ఊపిరి ఆడకపోతే, ఛాతీ నొక్కడం తెలిసినోళ్ళు అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా నొక్కాలి. లేచి కూర్చున్నా సరే ఆసుపత్రిలో ఒకసారి గుండె చూపించాలి.

మంటకు నీళ్ళు పోయొద్దు. మెయిన్ ఆపి ఇసుక చల్లండి. పరదాకు అంటుకుంటే పిల్లల్ని బయటికి తీసుకొచ్చి 101కు ఫోన్ చేయండి, సామాను సంగతి తర్వాత.

కేసీకాలువ · 9:20

సరే, నేనూ అడాప్టర్ సెట్టు తెచ్చా. పాతవి తీసేస్తానని మాత్రం మాటివ్వను, ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి కదా. నాదొక్కటే ప్రశ్న. దీని అడాప్టర్ మీద 31 వోల్టులు అని ఉంది. రేపు అది కాలిపోతే ఇంట్లో ఉన్న లాప్‌టాప్ చార్జరో ఫోన్ చార్జరో తగిలించొచ్చా?

లెక్కలసార్ · 9:34

వద్దు. వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, తక్కువైతే వెలగదు, ఎక్కువైతే ఎల్‌ఈడీలు పోతాయి. ఆంపియర్లు పాతదానంతైనా, ఎక్కువైనా పరవాలేదు, తగ్గకూడదు. అవుట్‌పుట్ ఏసీనా డీసీనా అన్నది కూడా కలవాలి, 31 వోల్టుల సెట్లలో రెండూ వస్తున్నాయి. ఇప్పుడే ఆ లేబుల్ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకో, కాలిపోయాక అక్షరాలు కనపడవు.